దమ్ మీద చీజ్‌కేక్

మా నాయిన బొల్లారంలో ఒక దొరగారి బంగళాలో వంటవాడు. ఆయన చేసే చాక్లెట్ చీజ్‌కేక్‌కు అక్కడ పెద్ద పేరు. అల్వాల్‌లో మా ఇంట్లో మాత్రం ఆయనకొక జబ్బు ఉండేది. నలుగురొస్తే వాళ్లతో కలిసి తినడానికి కూర్చునేవాడు కాదు. భుజాన తువ్వాలతో గోడకు ఆనుకుని నిలబడి, ఎవరి పళ్లెంలో ఏం తగ్గిందో చూస్తుండేవాడు. అమ్మ బతిమాలింది, కసిరింది, చివరికి కుక్కతోక వంకర అని ఊరుకుంది.

యుద్ధం అయ్యాక దొరసాని సీమకు వెళ్లిపోతూ నాయినకు ఒక కోకో డబ్బా ఇచ్చింది. పని పోయింది, డబ్బా మిగిలింది. ఆయన దిగులుగా తిరుగుతుంటే చూడలేక అమ్మ పంతం పట్టింది. ఆదివారం సాయంత్రం పాస్టర్ అయ్యగారినీ ఆయన భార్యనూ భోజనానికి పిలవాలి. చీజ్‌కేక్ తను చేస్తుంది. నాయిన అందరి మధ్యా కూర్చుని తినాలి.

"ఎన్నడన్న సూసినవా దాన్ని?" అన్నాడు నాయిన.

"నువ్వు చెప్పంగ మస్తుసార్లు ఇన్న. ఇగ నువ్వు వంటింట్ల అడుగువెట్టకు."

నాయిన పద్ధతిలో మొట్టమొదటి పని చీజ్ కోసం పాలు విరగ్గొట్టడం. అమ్మ అక్కడే మొండికేసింది. చుట్టాలొచ్చే పూట చేజేతులా పాలు విరగ్గొట్టుకున్న ఇల్లు బాగుపడుతుందా? మేం తాతల నాడే క్రైస్తవులమయ్యాం గానీ, పాల విషయంలో అమ్మ ఏ పాస్టర్ మాటా వినే రకం కాదు. గేదె పెరుగును పాత చీర గుడ్డలో మూటగట్టి దండేనికి వేలాడదీసింది. నీళ్లన్నీ కారాక అందులో గుడ్లు, చక్కెర, కోకో వేసి గిలక్కొట్టి నా నాలుక మీద కాస్త రాసింది. చేదన్నాను. వెంటనే యాలకులు, దాల్చినచెక్క, మిరియాలు నూరి కలిపింది.

"దొరసాని కేకుల మసాలా ఉండదే," అన్నాన్నేను.

"తినేది దొరసానా?" అంది.

మాకు కట్టెల పొయ్యే దిక్కు. మేం ఆపా అని పిలిచే పక్కింటి అక్క పెళ్లిళ్లలో బిర్యానీ వండే మనిషి. ఆమే వచ్చి గిన్నెకు మూతపెట్టి, అంచు చుట్టూ పిండి మెత్తి, కిందా పైనా నిప్పులు వేసి, పొయ్యి ముందు పీట వేసుక్కూర్చుంది. నాయిన వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. వాసన తగిలేసరికి ఇక ఆగలేక లోపలికొచ్చి మూత మీద చెయ్యి వేయబోయాడు. ఆపా గరిటె ఎత్తింది.

"చెయ్యి దియ్ భాయీ! దమ్ మీద ఉన్నది. ఇప్పుడు మూత దీస్తే అంత ఖరాబ్ అయితది."

"ఆవిరికి మెత్తగైతది ఆపా. కత్తికి రాదు."

"కత్తికి రాకుంటె చెంచకొస్తది. నువ్వు నడువ్," అంది అమ్మ.

నాయిన అన్నట్టే అయింది. మూత తీస్తే కేకు జున్నులా వణుకుతోంది. అమ్మ మొహం పాలిపోయింది. కేకు పాడైందని కాదు. సరిచేస్తానంటూ ఆయన లేచి నిలబడడానికి ఒక సాకు దొరికిందని. నాకు ఏడుపొచ్చింది.

భోజనాల్లో నాయిన అయ్యగారి పక్కన ముళ్ల మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. కేకు గిన్నె రాగానే లేవబోయాడు. "నేనేస్త, నీకు రాదు..."

అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి అదిమింది. నలుగురిలో అమ్మ ఆయన్ను ముట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. "ఒక్కపారి కూసోవయ్యా," అంది. అయ్యగారి కంటే ముందు ఆయనకే వడ్డించింది. అయ్యగారు నవ్వి తన పళ్లెం కాస్త వెనక్కి జరుపుకున్నారు.

నాయిన నిదానంగా తిన్నాడు. అమ్మ ఉండబట్టలేకపోయింది. "బంగళాల నువ్వు చేసినట్టున్నదా, లేదా?"

"నాకేమెరుక," అన్నాడు నాయిన. "ఇన్నేండ్లు చేసిన. పిండి నాకి సూసుడే గని, కాలినంక ముక్క నాకెవలు వెట్టిండ్రు?"

ఆయన పళ్లెం అమ్మ ముందుకు చాపి, "ఇంకింత ఎయ్యి," అన్నాడు.