పరదా అవతలి కనెక్టర్

1966లో కరీంనగర్ కమాన్ దగ్గర నాకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. పెళ్లిళ్లకూ సభలకూ మైకుసెట్టు కూడా కట్టేవాణ్ణి. ఆ ఏడు హైదరాబాదు పోయి ఒక పాత బ్యాటరీ టేప్ రికార్డర్ కొనుక్కొచ్చాను. భుజానికి తగిలించుకుని ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. దాన్ని చూడటానికి జనం వచ్చి దుకాణం ముందు నిలబడేవారు. వాళ్లలో ఒక్కడికీ ఇంట్లో పాడైన రేడియో గుర్తొచ్చేది కాదు.

మా పని అంటే వాల్వులు, ట్రాన్సిస్టర్లు అనుకుంటారు. నేను చూసిన జబ్బుల్లో సగం వాటివి కావు, తీగకు తీగ కలిసే చోటువి. అక్కడ పెట్టే ముక్కను కనెక్టర్ అంటాం. ఒకవైపు ప్లగ్, ఇంకోవైపు అది దూరే సాకెట్. వేలెడంత కూడా ఉండదు గానీ మన పరువంతా దాని చేతిలోనే ఉంటుంది. కొత్తగా వస్తున్న చిన్న రికార్డర్లకు కనెక్టర్లు కూడా చిన్నవైపోయాయి. తళతళలాడే ఆ బుల్లి ముక్కలంటే నాకు మొదటినుంచీ అనుమానమే.

వానలు వెనకబట్టిన రోజుల్లో యూసుఫ్ భాయి దుకాణానికి వచ్చాడు. ఆదిలాబాద్ అడవుల్లో తునికాకు కొని అమ్మే వ్యాపారి, మా వెనక గల్లీలోనే ఇల్లు. వాళ్లమ్మ హలీమా బీ గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట మాత్రం ఉండదు అని హైదరాబాదు డాక్టర్లు చెప్పారట. ఆమె మనవరాలు షాహీన్ పెళ్లి చలికాలానికి ఖాయమైంది. ఆ గల్లీలో ఏ ఇంట పెళ్లయినా ఢోలక్ ముందు కూర్చుని పాట ఎత్తుకునేది హలీమా బీయే. సొంత మనవరాలి పెళ్లికి తన పాట లేకుండా పోతుందని ఆమె తిండి మానేసింది.

"అమ్మీ సోమవారం బస్సెక్కుతది రాజన్నా," అన్నాడు. "మళ్ల వచ్చేటాల్లకు మాటుండది. గా లోపల్నే జర నీ డబ్బాల పట్టియ్యి."

చిక్కు ఒక్కటే. పాటలు పాడేది ఆడవాళ్ల గదిలో. కోడళ్లు, పక్కింటి ఆడపిల్లలు అందరూ చేరి వంత పాడితేనే అది పాట. ఆ గదిలోకి నేను పోకూడదు. వసారాలో, మందపాటి పరదాకు ఇవతల కూర్చోవాలి. మైకుకున్న తీగ పొట్టిది, గదిలోనే అయిపోతుంది. దానికి ఇంకో పొడుగు తీగ కలిపి పరదా కింద నుంచి రికార్డర్ దాకా తెచ్చాను. ఆ రెండు తీగలు కలిసే చోటు సరిగ్గా ఆడవాళ్లు నడిచే దారిలో, నా కంటికి ఆనని చోట పడింది.

ముందు ఒకసారి సరిచూద్దామని ఆడపిల్లల చేత పాడించాం. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. చూడకూడని ఆ గది చెవుల్లో మెల్లగా తెరుచుకుంది. గాజులు ఒక మూల, ఢోలక్ నడుమ, ఎవరో పసిపిల్లను జోకొడుతున్న చప్పుడు గోడ వారగా. అత్తరు వాసన కూడా తీగలోంచి వస్తున్నట్టే అనిపించింది. అసలు ఆ మధ్యాహ్నం నేనెక్కడ ఉన్నానో నాకే సోయి లేదు. పాట మంచి ఊపులో ఉండగా టక్కుమని గది మాయమైపోయింది. తర్వాత నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు.

ఎవరి కాలో తగిలింది. అనుమానమున్నా తొందరలో నేను పెట్టింది ఇయర్‌ఫోన్ పిన్ను లాంటి సన్న ప్లగ్. దాన్ని పట్టుకుని ఉండేది లోపల ఒక్క రేకు. నిటారుగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, పక్కకు లాగితే ఊడిపోతుంది. ఆరోజు పాడింది ఆడపిల్లలు కనుక సరిపోయింది. అదే హలీమా బీ అయితే? ఆమె గొంతు ఎన్ని పాటలకు నిలుస్తుందో ఆమెకే తెలియదు. నాకు నిజంగా భయమేసింది.

తీగలు నేరుగా అతికేయరాదా అని ఇంట్లో మా ఆవిడ అడిగింది. అతికిన తీగను లాగితే రబ్బరు లోపల తెగుతుంది, పైకి కనబడదు. తెగితే లోపలికి పోయి అతికే యోగం నాకు లేదు. కనెక్టర్ అయితే గదిలో ఉన్నవాళ్లే మళ్లీ పెట్టుకోగలరు. కనుక వాళ్ల చేతికి నచ్చిందే పెట్టాలని నిర్ణయానికి వచ్చాను.

మరునాడు ఒక పళ్లెంలో మూడు రకాలు పెట్టి పరదా కిందుగా లోపలికి తోశాను. టెలిఫోన్ వాళ్లు వాడే లావు ప్లగ్ ఒకటి. గట్టిది, కానీ లాగితే అదీ వచ్చేస్తుంది. అయిదు పుల్లలున్న గుండ్రటి జర్మనీ రకం ఒకటి. కుదురుగా పట్టుకుంటుంది, కాకపోతే తిప్పి పెడితే పుల్లలు వంగుతాయి. మూడోది చిన్నదే, ఒకే పుల్ల, దాని చుట్టూ మరలున్న ఇత్తడి ఉంగరం. దూర్చి ఉంగరం తిప్పితే బిగుసుకుంటుంది. చూపుకు ముతకగా ఉంటుందని దాన్నెవరూ అడగరు.

లోపల చాలాసేపు గుసగుసలు, నవ్వులు. ఎవరో ఒక పుల్ల అప్పుడే వంచేశారని అర్థమైంది. చివరికి పరదా దగ్గరికి హలీమా బీ గొంతు వచ్చింది, గరుకుగా, అలసటగా.

"బేటా, గీ ఉంగరందే పెట్టు. అత్తరు సీసా మూత లెక్క తిరుగుతది. చూడకుండనే బిగిస్త నేను."

ఆ రాత్రికే తీగలకు దాన్ని సోల్డర్ చేశాను. అంటే సీసం కరిగించి అతికించాను. తీగ మీద పడే లాగుడు అతుకు దాకా పోకుండా లోపల ఒక ముడి కూడా వేశాను.

ఆదివారం మధ్యాహ్నం హలీమా బీ పాడింది. మొదట్లో గొంతు పట్టేసింది. వంత పాడేవాళ్లు ఆగి ఆగి ఆమెను నడిపించారు. తర్వాత ఎక్కడినుంచి వచ్చిందో ఆ గరుకులోంచే ఒక నునుపు వచ్చింది. అత్తగారింటికి పోయే పిల్లకు చెప్పే పాట. మాటలు నాకు సగమే తెలుసు. వసారాలో ఎండ మెల్లగా జరుగుతోంది, టేపు చుట్టుకునే స్పూల్ తిరుగుతోంది, నేను ఆ గొంతు మీద ఎటో తేలిపోతున్నాను. పాట అయిపోగానే హెడ్‌ఫోన్ తీసేశాను. నా కళ్లు తడిగా ఉన్నాయి, అది యూసుఫ్ భాయి చూడకూడదని అతను తెచ్చిన చాయ్ పుచ్చుకుని వాకిట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి టేపు చివరికొచ్చి స్పూల్ మీద టపటపా కొట్టుకుంటోంది. తర్వాత దుకాణంలో పాటల వరకు విని చూసుకున్నాను. ఎక్కడా తెగలేదు. నాకు అంతే కావాలి.

హలీమా బీ ప్రాణంతో తిరిగొచ్చింది. మెడకు తెల్లటి బట్ట, సైగలతో మాట అని యూసుఫ్ భాయి చెప్పాడు.

పెళ్లికి ముందు పసుపు పెట్టే రోజున నన్ను పిలిచారు. రికార్డర్‌తో నేను వసారాలో, స్పీకర్ లోపల గదిలో. పాట మొదలవగానే లోపల ఢోలక్ ఆగిపోయింది. హలీమా బీ స్పీకర్ పక్కనే కూర్చుని ఉందట, ఆమె గొంతు మాత్రం దాంట్లోంచి వస్తోంది. పాట ముగిసింది. నేను ఆపబోయి, లోపలినుంచి ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఒక్క నిమిషం చూశాను.

అప్పుడు స్పీకర్‌లో ఆడవాళ్లు లేస్తున్న చప్పుళ్లు, తీగ ఈడ్చుకుపోతున్న బరబర. ఆ వెనకే హలీమా బీ మామూలు గొంతు, పాట కాదు, మాట.

"షాహీన్, జరా పానీ లా బేటీ."

"అభీ లాయీ, దాదీ."

ఆ జవాబు టేపులోది కాదు. పరదా అవతల, పసుపు పీట మీద కూర్చున్న పెళ్లికూతురిది. అలవాటుగా అనేసి లేచినట్టుంది. అడుగులు వినిపించాయి. కుండ మీద మూత తీసిన చప్పుడు, చెంబు మునిగిన చప్పుడు. హలీమా బీ ఆ నీళ్లు తాగేదాకా ఎవరూ ఏడవలేదు. ఆ తర్వాత అందరూ ఒక్కసారే ఏడ్చారు. వసారాలో యూసుఫ్ భాయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకు రికార్డర్ ఆపాలని కూడా తోచలేదు.

సన్న ప్లగ్ పెట్టి ఉంటే, అదృష్టం బాగుంటే పాట దక్కేదేమో. పాట జరిగేటప్పుడు అందరూ కుదురుగానే కూర్చుంటారు. తీగను తొక్కేదీ ఈడ్చేదీ అది అయిపోయాక, అందరూ లేచినప్పుడు. నీళ్లడిగిన ఆ మాట అప్పటిది. అందుకే ఇప్పుడు ఎవరైనా వచ్చి మంచి కనెక్టర్ ఏదని అడిగితే, ఏం రికార్డు చేస్తారని నేను అడగను. పని అయిపోయాక ఆ గదిలో ఎవరెవరు తిరుగుతారని అడుగుతాను.