తలుపు పక్క పూలు

"ఊరందరి ఇళ్ళకీ రంగులు చెప్తావు, నీ గోడకేమో ఈ ముసలి పూలా అక్కా?"

"చెమ్మ గోడకి పట్టింది, పూలకి కాదు. నోరు మూసుకుని కాఫీ తాగవే."

సుబోతిత్సా ఊళ్ళో బిస్కట్ పొట్లాలకు బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్న యెలిసావెత, చెల్లెలితో పోట్లాడుతూనే గోడను వేళ్ళతో తడుముతోంది. ఆ పూలు, ఇళ్ళకు రంగులేసే పని చేసిన వాళ్ళ నాన్న, పూల అచ్చున్న రబ్బరు రోలరుతో దొర్లించినవి. తలుపు పక్కన ఆయన చెయ్యి జారి ఒక వరస ఒరిగిపోయింది. ఆమె తన మొదటి పొట్లం మీద గీసింది ఆ ఒరిగిన పువ్వునే. రంగు వేయడానికి వచ్చిన నేను, చెమ్మ పట్టిన గోడను పూలతో సహా గీకక తప్పదని మొహం మీదే చెప్పాను. యెలిసావెత లేచి అటక మీంచి ఆ పాత రోలరు దించి నా చేతికిచ్చింది.

"గీకెయ్ అబ్బాయ్. మళ్ళీ ఇవే పూలు దొర్లించు. తలుపు దగ్గరికొచ్చాక మాత్రం, మా నాన్నలాగే కాస్త చెయ్యి జార్చు."