పిలిచినాక వాకిట్లో నిలబెట్టకూడదు

చింతామణిలో మా వీధి క్రైస్తవుల ఇళ్లలో కాలికి రాయి తగిలినా, కరెంటు పోయినా ‘యేసయ్యా’ అనేస్తారు. మా ఇంట్లో మాత్రం అలా అంటే విచారణ జరిగేది. జడ్జి మా అవ్వ.

“పిలిస్తివి కదా, వచ్చిండాడు. ఏం గావాల్నో అడుగు.”

అలా అన్నవాళ్లు చేతిలో పని ఆపి, కళ్లు మూసుకుని, ఏదో ఒకటి అడగాల్సిందే. ఓసారి పాలు పొంగితే అమ్మ ఆయన్ని పిలిచింది. పొయ్యి ముందు ప్రార్థన ముగిసేసరికి మిగిలిన పాలూ పోయాయి.

నేను బాగేపల్లిలో ఒక షాపులో జీతానికి ఫోన్లు రిపేరు చేస్తాను. ఒకరోజు ఇంట్లో నా ఫోనే జారి పడి అద్దం పగిలింది.

“యేసయ్యా!”

“వచ్చిండాడు,” అంది అవ్వ.

“ఊరికే అంటిలే అవ్వా.”

“ఊరికే పిలిచేదానికి ఆయనేమన్నా నీ షాపులో పనోడా? వాకిట్లో నిలబడుకోనుండాడు. అడుగు.”

“వచ్చేటప్పుడు స్క్రీన్ గార్డు ఒకటి తెమ్మను.”

అమ్మ నవ్వింది. అవ్వ నవ్వలేదు. వాకిలి వైపు చూసి, “యాదో ఒగ దినం నిజంగా పిలుస్తావు. ఆ దినమూ ఊరికేలే అనుకుంటే ఏం జేస్తావప్పా?” అంది.

పోయిన ఎండాకాలం అవ్వకు గుండెనొప్పి వచ్చింది. చిక్కబళ్లాపురం ఆసుపత్రిలో చేర్చాం. మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చి, తమ చేతిలో ఉన్నదంతా అయిపోయిందని కన్నడలో మెల్లగా చెప్పాడు. నేను వరండాలో గోడ వైపు తిరిగి యేసయ్యను పిలిచాను. ‘ఈసారి నిజంగానే’ అని కూడా చేర్చాను. స్క్రీన్ గార్డు అడిగిన నోరే, అదే గొంతు, అదే పేరు. తేడా ఆయనకెలా తెలుస్తుంది?

లోపలికి వెళ్లాను. కళ్లు మూసుకునే ఉన్న అవ్వ “యేసయ్యా” అంది.

నవ్వించాలనుకున్నాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

“పిలిస్తివి కదవ్వా, వచ్చిండాడు. ఏం గావాల్నో అడుగు.”

అవ్వ కళ్లు తెరిచింది. నన్ను కాదు, నా భుజం మీదుగా తలుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

“ఏం వద్దప్పా,” అంది. “ఊరికే పిలిచినా.”

సాయంత్రానికి పోయింది.

నా నోటికి మాత్రం బుద్ధి రాలేదు. నిన్న షాపులో చిన్న స్క్రూ ఎగిరి ఎక్కడో పడితే మళ్లీ ఆ పేరే వచ్చింది. చేయి ఆగిపోయింది. ఏం కావాలో అడగమనే మనిషి లేదు. అడగడానికి నాకూ ఏమీ లేదు. స్క్రూ కోసం అడిగితే బాగుండదు. లేచి వెళ్లి గాజు తలుపు తెరిచి పట్టుకున్నాను.

“ఏసీ అంతా బయటికి పోతాండాది. ఎవురప్పా వచ్చింది?” అన్నాడు ఓనరు.

ఎవరూ లేరని చెప్పడానికి నోరు రాలేదు.