ఖాళీ గడి, సున్నా

"నా చేన్ల పైరు ఉండెనా, లేకుండెనా? నీ కండ్లతోని సూడలే నువ్వు?"

1987లో జహీరాబాద్‌లో రైతులకు అప్పులిచ్చే ఒక సహకార సంఘం కిటికీ దగ్గర ఝరాసంగం రైతు నాగవ్వ ఇలా అడిగింది. లోపలున్న గుమాస్తా పీటర్ రాస్తున్న పెన్ను పక్కన పెట్టాడు.

పీటర్‌ది తాత్కాలిక ఉద్యోగం. చేలు చూసొచ్చి, ఒక్కో రైతు పంటకు ఒక్కో అంకె వేసి హైదరాబాదుకు పంపాలి. అక్కడ కంప్యూటర్ లెక్క కడుతుంది. ఒకటి జొన్న, రెండు కంది, మూడు చెరకు, సున్నా అంటే బీడు. ఈ పట్టిక చేసినవారు ఇక్కడి చేను చూసి ఉండరు. ఇక్కడ జొన్న, కంది, పెసర, అనుములు ఒకే చేనులో కలిపి విత్తుతారు, ఒకటి పోతే ఇంకొకటి దక్కుతుందని. వర్గీకరణ అన్నాక ప్రతిదానికీ ఒక అంకె ఉండాలి, ఒక్కటే ఉండాలి. నాగవ్వ చేను ఒకటిలోనూ పడుతుంది, రెండులోనూ పడుతుంది.

ఇందులో ఇమడదు అనే అర్థంలో పీటర్ గడి ఖాళీగా వదిలాడు. యంత్రం ఖాళీని సున్నాగా చదివింది. 'తెలియదు'కూ 'లేదు'కూ తేడా లేకుండా పోయింది. ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. పంట పోయినవాళ్లకు అప్పు మాఫీ అని హైదరాబాదు నుంచి జాబితా వచ్చింది. కలిపి విత్తినవాళ్లెవరూ అందులో లేరు. బీడుకు నష్టమేముంటుంది?

జాబితా చూడగానే పీటర్‌కు అర్థమైంది. అప్పటినుంచీ మేనేజర్ మదన్‌మోహన్ చెప్పుల చప్పుడు వింటే రిజిస్టరులో తల దూర్చేవాడు. చెబితే కొలువు పోతుంది. చెప్పకపోతే నాగవ్వ ఎడ్లు జప్తవుతాయి.

"అవ్వా, జర మెల్లగ మాట్లాడు."

"మెల్లగ మాట్లాడితే నీ మిషన్‌కు ఇనవడ్తదా? ఎడ్లను గుంజుకపోతమంటున్రు బిడ్డా. రేపు నాగలి గుంజనీకి ఆ మిషన్ వస్తదా?"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. పీటర్ జాబితా చేతికి తీసుకున్నాడు. లేచి మేనేజర్ గదిలోకి వెళ్లాడు.

"సార్, గడి ఖాళీ పెట్టింది నేనే. ఖాళీ అంటే బీడు కాదు సార్."

"నీ మాటకు కంప్యూటర్ తప్పయితదా? నోర్మూసుకొని పో."

"రాసిస్త సార్."

అక్కడే నిలబడి రాశాడు. పీటర్ ధైర్యవంతుడని ఇప్పుడు చెప్పుకునేవాళ్లున్నారు. అదేం కాదు, సంతకం పెట్టేదాకా భయమే. ఆ కాగితం చూపించి మేనేజర్ జప్తులు ఆపాడు, దాన్నే చూపించి పీటర్‌ను తీసేశాడు.

మరుసటి వానాకాలానికి కలిపి విత్తిన పంటకు నాలుగో అంకె వచ్చింది. పాత జాబితాను మాత్రం ఎవరూ దిద్దలేదు. నాగవ్వ పేరున మూడు వందల నలభై రూపాయల అప్పు, వడ్డీ కాక, సంఘం లెక్కల్లో ఇంకా ఉంది.