ఐతారానికో ముక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఉద్యోగం వికారాబాద్‌లో, ఇల్లు తాండూరులో. రైలెక్కితే ఎంతో దూరం కాదు, అయినా పండగకు తప్ప పోయేదాన్ని కాదు. అమ్మ అడిగితే "పని మస్తున్నదే" అనేదాన్ని.

మొన్న ఎండాకాలం తమ్ముడు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అమ్మానాయినలు పొద్దున్నే గొర్లు తోలుకుని యాలాల్ దిక్కు పోతే చీకటి పడ్డాకే రాక. అప్పటిదాకా వాడొక్కడే మంచం మీద. ఒకరోజు ఫోన్ చేశాడు.

"అక్కా, జర ఒక గేమ్ దింపి తెచ్చియ్యవా? ఈడ నెట్ సక్కగ వస్తలేదు."

టీవీకి తగిలించే వాడి గేమ్ డబ్బా పాతది, పాత ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవునే చదువుతుంది. "నాలుగు జీబీ కన్న ఎక్కువ పట్టదక్కా. ముక్కలు చేసి ఐతారానికొకటి తే," అన్నాడు. గేమ్ ఫైలును ఎలా కోయాలో కూడా వాడే చెప్పాడు. ఆరు ముక్కలయింది.

మూడు ఆదివారాలు పోయాను. అమ్మ చేసిపెట్టిన జొన్నరొట్టె తింటూ, "నా పానం తీస్తున్నవ్ రా," అని తిడుతూనే ఉన్నాను. వాడు నవ్వేవాడు. నేను రైలు టైము చూసుకునేదాన్ని.

నాలుగో ముక్క ఎక్కిస్తుంటే ఆఫీసులో పక్క సీటాయన చూశాడు. "నాలుగు జీబీ హద్దు ఒక్కో ఫైలుకే మేడమ్, డ్రైవుకు కాదు. ఇందుల ముప్పై రెండు జీబీ పడతది. ముక్కలన్నీ ఒక్కసారే తీస్కపోవచ్చు గదా!"

ఒళ్ళు మండిపోయింది. ఇంత తెలిసిన తమ్ముడికి అది తెలియదా! ఆ ఆదివారం పోయి, చెప్పులైనా విప్పకుండా డ్రైవు వాడి ఒళ్ళో పడేశాను.

"అన్నీ ఉన్నయి. ఇగ నన్ను సతాయించకు. నాకు తెల్వదనుకున్నవా?"

వాడు తలెత్తలేదు. "అన్నీ ఒక్కసారే తెస్తే మళ్ల ఎందుకొస్తవ్ అక్కా?"

ఛీ, నా బతుకు! సొంత అక్క మొహం చూడ్డానికి వాడికో సాకు కావలసి వచ్చింది. ఆ సాకునూ నేనే లాగేసి, పైగా గెలిచినట్టు మాట్లాడాను. చెప్పులు విప్పి వాడి మంచం పక్కన కూర్చున్నాను. సాయంత్రం బయల్దేరుతుంటే వాడు "పైలం అక్కా" అన్నాడు గానీ, వచ్చే ఐతారం సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పోతున్నాను. వాడి కాలు నయమైంది, నడుస్తున్నాడు. అయినా నన్ను గుమ్మంలో చూడగానే ఇప్పటికీ అడుగుతాడు, "ఏమన్న పనుండెనా అక్కా, ఇట్లొచ్చినవ్?"

ఏం లేదురా అంటే నమ్మడు.