సగం ముఖం ఫొటో

వడమాలపేటలో రఘునాథ్‌కు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు తీసి తీసి నడుము పట్టేసిన మనిషి. యాభై దగ్గర పడుతుండగా వీడియోలు చూసి కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. అప్పటినుంచి వచ్చినవాళ్లకు ఆ సంగతి చెప్పాకే ఫొటో చేతికిచ్చేవాడు. పాపం, అందరూ వినేవారు.

ఆ పక్క ఇంటికొకరి పేరైనా 'ముని'తో మొదలవుతుంది. అందుకని పని పూర్తయిన ఫొటోల్లో వాళ్లవన్నీ 'ముని' అనే ఒకే ఫోల్డర్‌లో దాచేవాడు. పని జరుగుతున్నవి మాత్రం బయట, ఎవరి పేరుతో వాళ్లవి. పని ముగిశాక ఆ బయటి ఫోల్డర్‌ను తుడిచేయడానికి చిన్న ప్రోగ్రామ్ రాశాడు. అది పేరు తీసుకుని, తుడిచే పనిని ఇంకో ప్రోగ్రామ్‌కు అప్పజెబుతుంది. 'దేవకమ్మ' ఫోల్డర్ మీద పరీక్షించాడు. చక్కగా పోయింది. మీసం దువ్వుకున్నాడు.

మరునాడు 'ముని ప్రసాద్' ఫొటోలు ముగించి ఆ పేరిచ్చాడు. మధ్యలో ఖాళీ ఉన్న పేరును కొటేషన్ గుర్తుల్లో పెట్టి పంపాలని అతనికి తెలియదు. అవతలి ప్రోగ్రామ్ దాన్ని రెండు పేర్లుగా తీసుకుంది. 'ప్రసాద్' దొరకలేదు. 'ముని' దొరికింది. చెత్తబుట్టలో కూడా వేయకుండా తుడిచేసింది. రఘునాథ్ తెర వైపు చూడనేలేదు. టీ తాగుతూ ఇంకో పెళ్లి ఫొటోలు అదే డిస్కులోకి ఎక్కించాడు.

ఆ వారంలోనే గంగులమ్మ వచ్చింది. కొడుకు మునిశేఖర్ పుత్తూరు రోడ్డులో లారీ కింద పడి చనిపోయాడు.

"అప్పా, మావాడిది నీలం సొక్కా ఫొటో తీసినావే, అది పెద్దది చెయ్యి. ఎల్లుండి దినాలు. వాని ఫోను గూడా నలిగిపాయ. ఆధార్ కార్డులో ఉండేది వాడేనా అని నాకే అనుమానం."

"కూసో అక్కా. నా ప్రోగ్రామ్..." అంటూ వెతికాడు. 'ముని' ఫోల్డరే లేదు.

"ఏందప్పా, అట్ల సూస్తా ఉండావు?"

"కరెంటు లేదక్కా, రేపు రా."

నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. గంగులమ్మ దాన్ని ఒకసారి చూసి వెళ్లింది.

పోయిన ఫొటోలు రాబట్టే జయరావు దగ్గరికి తిరుపతికి డిస్కు పట్టుకుపోయాడు.

"తుడిసినాక దీంట్లోకి ఏమన్నా ఎక్కించినావా?"

"ఒక పెండ్లి."

"ఇంగేముండాది. తుడిసిన చోట్లోకే కొత్తవి ఎక్కుతాయి. ఆ పెండ్లికూతురు మీవాళ్ల నెత్తిన ఎక్కి కూసోనుంటాది."

నీలం చొక్కా ఫొటో దొరికింది. నుదురు, కళ్లు, సగం ముక్కు. ఆ కిందంతా బూడిదరంగు.

"నేనే చెరిపేసినానక్కా. తెలీక," అన్నాడు మరునాడు.

గంగులమ్మ చాలాసేపు తెరను చూసింది. "కండ్లు వానివే," అంది. "పెద్దది చెయ్యప్పా."

దినాల నాడు పటానికి కింది నుంచి ముక్కు దాకా పూలు కట్టింది. బంధువు నాగులమ్మ, "దండ ఇంత పైకా? బిడ్డ మొగం కనపడల్లేదు," అంటూ కిందికి లాగబోతే గంగులమ్మ చేయి పట్టుకుంది.

"ఉండనీ."

వేసిన విస్తరి వదిలి రఘునాథ్ బయటికి నడిచాడు. గంగులమ్మ వెనకే వచ్చింది.

"పూలు రేపటికి వాడిపోతాయి కదప్పా. అప్పుడేం జేసేది?"

రోడ్డు మీద పుత్తూరు బస్సు పోతోంది. అది పోయాక, "రేపు పొద్దున కొత్త దండ నేను తెస్తానక్కా," అన్నాడు.