బెంచిమేటు పేరు కింద

మా ఇంజనీరింగ్ కళాశాల పూర్వ విద్యార్థుల రిజిస్టరును పాతికేళ్లుగా నేనే రాస్తున్నాను. కళాశాలలో జరగబోయే పరిశోధన సదస్సుకు పూర్వ విద్యార్థుల్లో పెద్ద పదవులవారిని మాత్రమే పిలుస్తున్నారని తెలిసి, ఏర్పాట్ల సమావేశంలో నిర్వాహకులను నిలదీద్దామని రిజిస్టరుతో నారాయణగూడలో బస్సెక్కాను.

పక్క సీటులో నూనె మరకల చొక్కాతో ఉన్న వ్యక్తి రిజిస్టరు అట్ట మీది కళాశాల పేరు చూశాడు. "సార్, దీంట్ల నా పేరుంటదా? మూడో సంవత్సరంల చదువు ఇడిసిపెట్టిన."

"పాసైనవారివే రాస్తాం" అన్నాను. ఆ నియమం పెట్టినది నేనే.

"గట్లనా!" అని నవ్వాడు. "మీ లాబ్‌ల ఇనుము బలం చూసే మిషిన్ ఖరాబైతే నన్నే పిలుస్తరు. సదస్సుల చూపిస్తరంట, మొన్ననే బాగుజేసిన. పాసైనోళ్లు దండలు ఏస్కోని దాన్ని నడిపిద్దురు గని సార్. జర మీ రిజిస్టరు చూడొచ్చా?"

చేయి చొక్కాకు తుడుచుకుని, తన బ్యాచి పేజీ తీసి ఒక పేరు మీద వేలు ఆనించాడు. "వీడు నా బెంచిమేటు." రిజిస్టరును రెండు చేతులతో తిరిగిచ్చి చిక్కడపల్లిలో దిగిపోయాడు.

ఆ రోజు నేను ముందు లాబ్‌కు వెళ్లి ఆయన పేరు కనుక్కున్నాను. బెంచిమేటు పేరు కింద దానిని రాసి, సమావేశంలో మొదట నా తప్పు చెప్పి, తరువాత నిర్వాహకులది చెప్పాను. ఆయన ఆహ్వానపత్రంపై సంతకం పడేదాకా కుర్చీలోంచి లేవలేదు.